టర్కీ కోడిలో ఉప్పు

పంతొమ్మిది వందల డెబ్బయ్యారు క్రిస్మస్ పొద్దున, ఒమన్‌లోని ఒక కంపెనీ క్యాంపులో, దొరల విందుకు టర్కీ కోడి కడుపులో కూరే రొట్టెముద్ద కలిపి, వంటమనిషి నిసార్, నీళ్లు మోసుకొచ్చిన కూలి భీమన్నకు చెంచా అందించాడు.

“ఇండ్ల పంది మాంసమున్నది, నేను నోట్లె పెట్టలేను. అందరు సైటుకు పోయిన్రు. ఉప్పు నువ్వే చూడాలె.”

“సరిపోయింది భాయ్.”

“మంచిగ చూడు. పోయినేడు ఉప్పు తప్పితే వంటాయనను వాపస్ పంపిన్రు.”

“మంచిగనే ఉన్నది.”

చెంచా తీసుకోబోయిన నిసార్‌కు భీమన్న వేళ్లు నిప్పుల్లా తగిలాయి.

“నీకు జొరం! జొరం నోటికి ఉప్పు తెలుస్తదా?”

“తెల్వది భాయ్. పొయ్యి కాడ జరసేపు కూసోనిస్తవని మంచిగున్నదన్న. చలి ఆగుతలేదు. ఎవ్వలికి చెప్పకు, ఇంటికి పంపుతరు.”

నిసార్ ముద్ద వైపు చూశాడు. పొయ్యి పక్కకు పీట జరిపాడు.

“కూసో. ఉప్పు తప్పితే ఇద్దరం ఒకటే విమానం ఎక్కుదాం.”