మూత లోపలి రాత

1979. హనుమకొండలో హార్మోనియంలు చేసే పెద్దాయన దుకాణం. కొత్తది తీసుకపోను వచ్చిన భజన పాటగాడు గడపలోనే ఆగిండు.

"కాకా, మీ అన్నదమ్ములిద్దరు దుకాణం పంచుకున్నరట. మరి నా హార్మోనియం సంగతేంది?"

"ఫికర్ చెయ్యకు బిడ్డా. పెట్టె, తిత్తి నేను చేసిన. రీడ్లకు శ్రుతి తమ్ముడే పెట్టి కాజీపేట నుంచి పంపిండు."

"మీ ఇద్దరికి మాటల్లేవంటున్నరు గదా?"

"మాటల్లేవు. పని ఉన్నది."

"రేపు ఖరాబైతే ఎవరి దగ్గరికి రావాలె?"

"ఎవరి దగ్గరికన్న రా. తమ్మునిసొంటి చెవి ఈ జిల్లాల ఇంకొకనికి లేదు. ఇటొచ్చి ఈ పెట్టె మూత తియ్యి, నీ శ్రుతి లోపట పెన్సిల్‌తోని రాసే ఉంటడు. ఎప్పుడు మరువడు."

"రాసిండు కాకా. నా పేరు, నా శ్రుతి... కింద ఇంకో ముక్క కూడ ఉన్నది."

"ఏమని?"

"'అన్నా, తిత్తి మస్తు కుదిరింది' అని."

"జర మల్లొక్కసారి చదువు బిడ్డా."