బెంచీ ముందు ఇసుక

“సంతకం పెట్టనన్నాను గదా తల్లీ. ఆ కాగితం అవతల పెట్టు.”

“సారు అంతా నింపేసి ఇచ్చారు తాతా. కింద గ్రౌండు చూసుకునే మనిషి సంతకం ఉంటే చాలంట. ఐదింటికి ఆఫీసు మూసేస్తారు.”

“ఏం నింపాడో చదువు.”

“‘పిల్లలకి వాలీబాల్ నేర్పే కోచుల్లో, మిగతా కోచులు చూసి నేర్చుకోదగ్గవారు ఎవరు?’ అని ఉంది. సారు తన పేరు రాసుకున్నారు. ‘ఎన్ని కప్పులు గెలిచారు?’ అన్నచోట ఏడు అని వేశారు.”

“తన డప్పు తనే కొట్టుకున్నాడన్నమాట.”

“అంటే... నువ్వు చెప్పినట్టుగా రాశారు.”

“ముప్ఫై ఏళ్ళుగా ఆ గ్రౌండులో ఇసుక చదును చేస్తున్నా. ఏనాడూ నన్ను పలకరించని మనిషి, ఇవాళ నా నోట్లో మాటలు పెట్టాడు. సర్లే. పేరు ఖాయం చేశాక ఏం చేస్తారంట?”

“పది గ్రౌండ్ల కోచులు వచ్చి, సారు ఎలా నేర్పుతారో వారం రోజులు చూస్తారు. వెళ్ళి వాళ్ళ పిల్లలకి అలాగే నేర్పుతారు.”

“అలాగేనా?”

“అచ్చం అలాగే.”

“అయితే ఒకటి పాడైతే ఉంటుందని ఆయనిచ్చిన రెండో ఫారం, ఖాళీది, ఉందిగా. అది తీయి. నేను చెప్తా, నువ్వు రాయి.”

“ఎవరి పేరు?”

“రెండో కోర్టు కుట్టు టీచరమ్మ.”

“అయ్యో తాతా. పొద్దంతా బట్టలు కుట్టుకునే ఆవిడ. సాయంత్రం మెళ్ళో ఈల వేసుకుంటే కోచ్ అయిపోతుందా?”

“చాలాసార్లు ఈల కూడా ఉండదు, కొలతల టేపే ఉంటుంది. తీయడం మర్చిపోయి వచ్చేస్తుంది. రాయి.”

“కప్పులు అన్నచోట ఏం రాయను?”

“సున్నా.”

“నవ్వుతారు తాతా.”

“గుండ్రంగా రాయి. నవ్వేవాళ్ళకి బాగా కనపడాలి.”

“రాశా. ‘ఎందుకు నేర్చుకోవాలి?’ అని ఉంది కింద. తొందరగా చెప్పు.”

“ఆగు. నా మాట నడిచొస్తుంది, పరిగెత్తదు. నేను బడికి రెండేళ్ళే పోయా. ఆట తెలీదు, ఇసుక తెలుసు. రోజూ ఆట అయ్యాక దంతె పట్టుకుని గుంతలు పూడ్చేది నేనే. రాశావా?”

“గుంతలు పూడ్చేది... ఊఁ.”

“సారు కోర్టులో గుంతలు ఎప్పుడూ ఒకేచోట పడతాయి. కళ్ళు మూసుకుని పూడ్చేస్తా. ఎందుకంటే ఎగిరేది ఎప్పుడూ ఆ ఆరుగురే. రెండో కోర్టుకి పోతే నా నడుం విరుగుతుంది. ఇక్కడా అక్కడా అని లేదు, దున్నేసినట్టుంటుంది. చిన్న పాదాలు, పెద్ద పాదాలు, అన్నీ. ఇరవైరెండు మంది పిల్లలొస్తే ఇరవైరెండు మందీ ఆడతారు.”

“నీ నడుం విరగ్గొట్టే మనిషిని మెచ్చుకుంటున్నావు.”

“విరిగినా బాగుంటుంది తల్లీ. ఇంకా రాయి. సర్వీసు వల దాటని పిల్లని ఆవిడ తిట్టదు. రేపొచ్చి నీకన్నా చిన్నదానికి ఆ సర్వీసు నేర్పు అంటుంది.”

“తనకే రానిది ఇంకొకరికి ఎలా నేర్పుతుంది?”

“నేనూ అలాగే అనుకున్నా మొదట్లో. పక్కదాని చెయ్యి పట్టుకుని చూపిస్తుంటే, తన చెయ్యి ఎక్కడ తప్పుతోందో తనకే తెలుస్తుంది. ఎన్నిసార్లు చూశానో.”

“మరి కిందటి పోటీల్లో ఆవిడ వల్లే ఓడిపోయారుగా. సారు ఇప్పటికీ చెప్పి నవ్వుతారు. స్కోరు ఇరవైనాలుగు, ఇరవైనాలుగు. అలాంటప్పుడు బాగా కొట్టే అమ్మాయిని బయటికి పిలిచి, నీ వంతొచ్చింది పో అని ఇంకో పిల్లని పంపింది. అది బంతిని తిన్నగా వలకి కొట్టింది.”

“కొట్టింది. అదీ రాయి.”

“ఓడింది కూడా రాయాలా?”

“రాయాలి. మర్నాడు నేను గేటు తాళం తీయకముందే, ఆ పిల్ల చంకలో బంతితో నిలబడి ఉంది. అది కూడా. కప్పు గెలిచిన మర్నాడు మీవాళ్ళు ఎంతమంది వచ్చారు?”

“ఎవరూ రాలేదులే. తాతా, ఒక మాట చెప్పనా?”

“చెప్పు.”

“ఇది పంపితే నన్ను టీములోంచి తీసేస్తారు. మీ తాత సంతకమన్నా తే, లేకపోతే చొక్కా మడిచి తెచ్చిచ్చెయ్ అన్నారు.”

“అన్నాడా?”

“నవ్వుతూనే అన్నారు.”

“నవ్వుతూనే అంటారు అలాంటివి. నీ చొక్కా నంబరెంత?”

“పన్నెండు. నీకు తెలుసుగా.”

“మొన్న ఆదివారం ఎన్ని పాయింట్లు కొట్టావ్?”

“నాలుగు. అమ్మకి చెప్తుంటే విన్నావుగా.”

“విన్నా. మీ అమ్మ వీధంతా తిరిగి చెప్పుకుంది.”

“ఇప్పుడదంతా ఎందుకు? ఇంకేం రాయాలో చెప్పు.”

“ఆట ఉన్నప్పుడల్లా నువ్వు నాకు సాయం వస్తావు. నడుం నొప్పి కదా తాతా, దంతె ఇలా ఇవ్వు అంటావు. బంగారు తల్లివి. కానీ కోర్టులోకి పోవు. బెంచీ ముందు కాస్తంత లాగేసి ఇచ్చేస్తావు.”

“అక్కడ గుంతలు పడతాయని.”

“పడతాయి. ఊరికే కూర్చున్నవాళ్ళు మడమతో ఇసుక తవ్వుతారు. బెంచీ చివర, పక్కపక్కన రెండు గుంతలు. రెండేళ్ళుగా అవే.”

“ఎవరివో మరి.”

“నేను దంతె నిలువుగా లాగుతా అమ్మడూ. వల దగ్గర్నుంచి గీత దాకా. ముప్ఫై ఏళ్ళూ అంతే. బెంచీ ముందు మాత్రం అడ్డంగా లాగినట్టుంటుంది.”

“తాతా...”

“కళ్ళు తుడుచుకో. కాగితం తడుస్తుంది.”

“నేనేం ఏడవట్లేదు. ఎప్పట్నుంచి తెలుసు?”

“మొదట్నుంచీ. నీ అంతట నువ్వే చెప్తావని ఆగా. అడగాల్సింది. నాదే తప్పు.”

“పొట్టిదానివి, ఇంకో రెండంగుళాలు పెరుగు చూద్దాం అంటారు. ప్రతిసారీ అదే మాట. ఒక్కసారి కూడా కోర్టులోకి పంపలేదు తాతా. గెలుస్తామని తెలిసిపోయాక కూడా.”

“పది గ్రౌండ్లవాళ్ళు అదే నేర్చుకుపోతే పది బెంచీలు నిండుతాయి. ఇంకెంతమంది పిల్లలు ఇంటికెళ్ళి నాలుగు పాయింట్లు కొట్టామని చెప్పుకోవాలి? అదీ నా సంతకంతో. చెయ్యి పడిపోయినా పెట్టను.”

“మరి నా చొక్కా?”

“అదే ఆలోచిస్తున్నా. సంతకం నాది, చొక్కా నీది. నీకు ఆ చొక్కా కావాలంటే ఇప్పుడే చెప్పు. నువ్వు రాసింది చింపేస్తా. ఆయన రాసింది కూడా చింపేస్తా. ముసలాడు పారేసుకున్నాడని చెప్పు, తిట్టుకుంటే నన్నే తిట్టుకుంటాడు.”

“చింపొద్దు.”

“ఆలోచించుకో.”

“రెండేళ్ళు కూర్చుని అదే ఆలోచించా. ఇదిగో, ఇక్కడ పెట్టు సంతకం. సిఫారసు చేసేవారు అన్నచోట నీ పేరు రాశా.”

“కాస్త వంకరపోయింది.”

“పోనీలే, కనపడుతోంది. టీచరమ్మ నన్ను రానిస్తుందంటావా?”

“రానిస్తుంది. నీకు రాని సర్వీసేదో అడుగుతుంది. మర్నాడు దాన్ని ఎవరికో నేర్పమంటుంది. నా నడుముకి ఇంకా పని పెరుగుతుంది. టైమెంతయింది?”

“నాలుగున్నర. సైకిలు మీద పది నిమిషాల్లో వెళ్ళిపోతా. చొక్కా కూడా మడిచి సంచిలో పెట్టేశా, దారిలో ఇచ్చేసి పోతా. తాతా, అడుగున కాస్త జాగా మిగిలితే, నువ్వు చెప్పని మాట ఒకటి రాశాను.”

“ఏంటది? చదువు.”

“‘మా తాత ఇసుక గురించి చెప్పిందంతా నిజం. బెంచీ చివర ఆ రెండు గుంతలూ నావే. వచ్చి చూసుకోండి, ఈసారి చదును చేయలేదు. ఇట్లు, పన్నెండో నంబరు.’”