ముసలిరాజు ఘట్టం

ఉత్తర గ్రీసు కొండల్లో ఒక చిన్న ఊరు. సైన్యం గద్దెనెక్కిన మరుసటి ఏడు. మధ్యాహ్నం బడి వదిలాక, పంతులు అనెస్తిస్ ఇంట్లో మొగుడూ పెళ్ళాం.

“పొయ్యిలో పడెయ్ అంటున్నానా! ఇంకా చేతిలోనే పట్టుకున్నావేంటి అనెస్తీ?”

“ఉండు దెస్పినా, కాస్త ఉండు. వేల ఏళ్ళనాటి కావ్యం. మనవాళ్ళదే. దానికేం భయం?”

“దానికి కాదు, నాకు భయం! పాత గ్రీకులోనో సర్కారు గ్రీకులోనో చదివితే ఎవడూ అడగడు. ఇంట్లో మాట్లాడుకునే భాషలోకి మార్చింది చదివితే ఎర్రజెండావాడంటారు. నీకు తెలీదూ?”

“నీలం అట్ట వేశానుగా, మిగతా బడి పుస్తకాల్లాగే.”

“అట్ట వేస్తే? పిల్లలకి చెవుల్లేవా?”

“రెండేళ్ళు పాత గ్రీకులో వల్లె వేయించాను. ఒక్క ముక్క ఎక్కలేదు. ఇవాళ ముసలిరాజు ఘట్టం చదివితే తరగతంతా ఏడ్చింది, తెలుసా? కొడుకుని చంపినవాడి చేతులే ముద్దు పెట్టుకుని, శవం ఇమ్మని...”

“ఏడ్చినవాళ్ళలో పోలీసు సార్జెంటు కరాబెలాస్ కూతురుందా లేదా? అది చెప్పు ముందు.”

“...ఉంది.”

“చచ్చాం! కింది ఊరి మాస్టారిని ఏ జైలు దీవికి పట్టుకెళ్ళారో ఇప్పటికీ తెలీదు. నేనేం కావాలి?”

“అరవకు. ఎవరో మెట్లెక్కుతున్నారు.”

“అమ్మో, ఆ సార్జెంటే! ఇటివ్వు, ఇటివ్వు పుస్తకం!”

“ఇప్పుడు కాలిస్తే వాసనొస్తుంది. తప్పుకో... రండి సార్జెంటుగారూ, రండి. కాఫీ తాగుతారా?”

“కాఫీ వద్దు మాస్టారూ. మా పిల్ల భోజనం ముట్టలేదు. ఒకటే ఏడుపు. ఏదో చదివారట. ఏదీ ఆ పుస్తకం?”

“పుస్తకమా? ఏ పుస్తకం? అది... పాఠ్యపుస్తకమే...”

“వెనక దాచిన చెయ్యి చూపించండి.”

“అయ్యా, తప్పు నాది! నేనే కొన్నాను, నేనే ఆయనకిచ్చాను. తీసుకెళ్తే నన్ను తీసుకెళ్ళండి.”

“నువ్వూరుకో దెస్పినా!”

“ఇద్దరూ ఊరుకోండి. తలుపు గడియ పెట్టమ్మా.”

“గడియెందుకు? ఆయన్ని కొట్టకండయ్యా, మీకు దణ్ణం పెడతా!”

“మాస్టారూ, ఆ ముసలాయనకి శవం ఇచ్చారా లేదా? పిల్ల సరిగ్గా చెప్పలేకపోతోంది.”

“ఇ... ఇచ్చారండి. చంపినవాడే ఇచ్చాడు. తనూ ఏడ్చి, శవానికి స్నానం చేయించి మరీ ఇచ్చాడు.”

“చదవండి. ఇంటి భాషలోనే చదవండి.”

“మీకా? ఎందుకండీ?”

“మనలో మనం కొట్టుకున్న యుద్ధంలో మా అన్న ఎర్రజెండా వైపు వెళ్ళాడు. కొండమీద చంపేశారు. శవం ఇమ్మని మా నాన్న స్టేషను బయట మూడు రోజులు కూర్చున్నాడు మాస్టారూ. తుపాకి పట్టుకుని, ఆయన్ని లోపలికి పోనివ్వనిది నేనే.”