ఐదు నిమిషాల డిస్క్

సంతోష్‌నగర్ రిపేరు దుకాణంలో, తాను వారం కింద ఎస్సెస్‌డీ అనే వేగమైన కొత్త డిస్క్ బిగించి పంపిన, పెండ్లి కార్డులు వేసే పెద్దాయన కంప్యూటర్ మళ్లీ బల్లమీదికి రావడం మెకానిక్ అమ్మాయికి నచ్చలేదు.

“పాత హార్డ్ డిస్కే మళ్ల పెట్టాల్నా? కొత్తదానికి ఏమైంది బాపు?”

“ఏం గాలే బిడ్డా. మస్తు జల్ది తెరుచుకుంటున్నది.”

“మరి?”

“పాతదానికి ఐదు నిమిషాలు పట్టేది. గంతసేపు మా ఇంటామె కార్డుల దుకాణంల నా పక్కన కూసొని చాయ్ తాగేది. ఇప్పుడు ఆమె కూసునేలోపే తెరుచుకుంటున్నది. నా గ్లాసు పెట్టి లోపలికి పోతున్నది.”

“చాయ్ తాగినంకనే స్విచ్ వెయ్యరాదు?”

“గట్లనే చేసిన. నాకోసం పెండ్లి కార్డుల పని ఆపుకుంటవా అని లేచిపోయింది. కంప్యూటరే మమ్మల్ని ఆపితే మాత్రం ఏమనకపోయేది.”

అమ్మాయి స్క్రూడ్రైవర్ అందుకుంది. తర్వాత ఆయన తెచ్చిన పాత డిస్క్‌ను దగ్గరికి లాక్కుంది.

“కార్డుల డిజైన్లు కొత్తదాంట్లనే ఉంచుత, అవి జల్ది వస్తయి. కంప్యూటర్ మాత్రం పాతదాంతోని తెరుచుకుంటది.”

“ఐదు నిమిషాలు పడ్తది గద?”

“ఆరు పట్టేటట్టు చేస్త, బాపు.”