ఆరు బండ్లు

జహీరాబాద్‌లోని ఒక దవాఖానలో, భార్య మహాదేవమ్మ మంచం పక్కన నిలబడ్డ ఆటో డ్రైవరు ఆమె వేలికున్న, ఆక్సిజన్ చూపే మిషన్‌ని నర్సుకు చూపించాడు.

“తొంభై ఎనిమిది ఉన్నది గదా సిస్టర్! గాలి మంచిగనే అందుతున్నది. ఇంక రక్తం ఎక్కించుడెందుకు? ఇంటికి తీస్కపోత.”

“అన్నా, మీ ఝరాసంగం లైన్ల ఎన్ని ఆటోలు తిరుగుతయి?”

“పన్నెండు.”

“ఇయ్యాల ఆరే తిరిగినయనుకోన్రి. అన్ని నిండుగనే పోతయి గదా?”

“నిండక ఏమైతది? సగం మంది రోడ్డు మీదనే నిలవడ్తరు.”

“ఈ మిషన్, బండ్లు నిండినయా లేదా అన్నదే చెప్తది. ఎన్ని బండ్లున్నయో చెప్పది. అక్క రక్తంల గాలి మోసే హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాలె, ఆరే ఉన్నది.”

అతను భార్య పాలిపోయిన గోళ్లకేసి చూశాడు.

“మరి ఆరింటితోని ఎట్ల నడుస్తున్నది?”

“ఉన్నయే ఉరుకులాడుతున్నయి. ఊపిరితిత్తుల కాడ ఆక్సిజన్ ఎక్కించుకొని ఒళ్లంత దించాలె. వాపస్ వచ్చేటప్పుడు రక్తమే చెడుగాలిని మోసుకురావాలె. గందుకే గుండె గట్ల దడదడ కొట్టుకుంటున్నది.”

“చేన్ల నుంచి ఇల్లు చేరేలోపు మూడు జాగలల్ల కూసుంటది సిస్టర్. నేనేమో ఒళ్లు వంగదని తిట్టిన.”

మహాదేవమ్మ కళ్లు మూసుకునే ఉంది. వింటోందో, నిద్రపోయిందో అతనికి తెలియలేదు.

“మరి ఇంటికి తీస్కపోతరా అన్నా?”

అతను ఖాకీ చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు.

“ముందు నా ఒంట్ల ఎన్ని బండ్లున్నయో చూడున్రి.”