చీమలకి పోసిన పంచదార

పల్లాలమ్మని ఎరుగుదురా మీరు? ఎరగరు, ఎలా ఎరుగుతారు, గోదారి మధ్యలో లంక, ఆ ఊరు ఆవిడది. ఆవిడకో గుణం ఉందంట, ఏదైనా సరే ఎందుకు, ఏవిటి అని ఆరా తీస్తేగానీ అన్నం సయించదు. పక్కింటి గేదె పాలివ్వకపోయినా ఈవిడే ఎల్లి దాని మొహం చూసొచ్చేదంట. అలాంటి మనిషి మనవరాలు తాయారుకి సంబంధం వచ్చింది. ఏటి అవతలి ఊరు, కుర్రాడు ఏడుకొండలు, పడవ నడుపుతాడు. తాయారుకి వాడంటే ప్రాణం. వాణ్ణి తప్ప ఇంకోణ్ణి చేసుకోనని నాయనమ్మతో ముందే చెప్పేసిందంట.

ఇప్పుడు పంచదార సంగతి చెప్పాలి మీకు. ఆ లంకలో రోజూ వాడకానికి బెల్లమే. పంచదారంటే మంచి మాటకి. పిల్లోడు పుడితే నాలిక్కి పంచదార, మంచి కబురు తెచ్చినోడికి "నీ నోట్లో పంచదార పొయ్య" అని గుప్పెడు పంచదార. పెళ్ళిమాటకీ అదే. ఆడపిల్ల ఇంటి పెద్ద దోసిట్లో పంచదార పోస్తే మగపిల్లోడి తండ్రి అందరి ముందూ నోట్లో వేసుకోవాలి. వేసుకున్నాడా, సంబంధం కుదిరినట్టు. లేదా, లేచి పడవెక్కడమే.

సరే, ఏమైందంటే, ఏడుకొండలు తండ్రి బుల్లెంకన్న కొడుకునీ చుట్టాలందర్నీ ఎంటేసుకుని పడవ దిగాడు. భోజనాలయ్యాయి. అందరూ పరవాన్నం లాగించారు, ఆయన మాత్రం దాన్ని వేలితో కూడా ముట్టలేదంట. చెంబులకి చెంబులు నీళ్ళు తాగుతున్నాడు, మాటిమాటికీ గడ్డిమేటు ఎనక్కి ఎల్లొస్తున్నాడు. పల్లాలమ్మ ఇవన్నీ చూస్తానే ఉంది. పంచదార పళ్ళెం వచ్చింది. ఆవిడ పొయ్యబోతే ఆయన చెయ్యి ముడిచేసుకుని, "ఇప్పుడొద్దులెండి పిన్నిగారూ, తర్వాత చూద్దాం" అన్నాడంట. అంతే, తాయారు తండ్రి కన్నయ్య దిగ్గున లేచి, మా ఇంటికొచ్చి మా పిల్లనే కాదంటారా, పడవెక్కండి అనేశాడు. తలుపు చాటున తాయారు నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది. ఏడుకొండలేమో తన తండ్రి మొహంలోకి పిచ్చోడిలా చూస్తున్నాడు.

"ఉండండర్రా, దూడ అరుస్తంది, చూసొస్తాను" అని పల్లాలమ్మ లేచిందంట. దూడా లేదు, గీడా లేదు. తిన్నగా గడ్డిమేటు ఎనక్కి ఎల్లింది. ఏముంది అక్కడ? చీమలు బాబూ, చీమలు! నేల తడిసిన చోటల్లా నల్లగా మూగేసున్నాయి. నవ్వకండి, నవ్వే మాట కాదిది. ఆవిడ అలాగే కూలబడిపోయిందంట. ఎందుకంటే ఆవిడ మొగుడు ఒంటేలుకి కూచున్న చోటా ఇలాగే చీమలు పట్టేవి. షుగరని ఎవరికీ చెప్పక, మందు మింగక, కాలు తీయించుకుని మంచంలోనే పోయాడు. ఆయన్ని తలుచుకుని కాసేపు ఏడ్చిందంట. ఈ బుల్లెంకన్నా భయపడే దాస్తున్నాడు, రోగమున్న కొంపకి పిల్లనెవరిస్తారని.

కళ్ళు తుడుచుకుని వచ్చి, "ఒరే కన్నా, నోరు ముయ్యరా. ముసల్దాన్ని, మా పుట్టింటి పద్ధతి మర్చిపోయాను. ముందు పంచదార చీమలు తినాలి. అవి తింటే పెద్దలు తిన్నట్టే. రా బుల్లెంకన్నా, మనిద్దరం పోసొద్దాం" అందంట. ఏ పుట్టిల్లు, ఏ పద్ధతి! అప్పుడే పుట్టించింది. గడ్డిమేటు ఎనక్కి ఎల్లాక ఆయన చీమల్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు, మొహం పాలిపోయింది. "పిన్నిగారూ..." అని తల దించుకున్నాడు. "మందు మింగుతున్నావా?" అంది. "నలుగురికీ తెలిసిపోద్దని మానేశానండి" అన్నాడు. "రేపే ఆస్పత్రికెల్లు. ఎల్లకపోతే పిల్లనివ్వను. నాకు ఒక మనిషి పోయాడు చాలు" అని ఆయన దోసిట్లో పంచదార పోసిందంట. ఆయన ఏడుస్తానే చీమలకి వొంపాడు.

పెళ్ళయింది. బుల్లెంకన్న బుద్ధిగా మందు మింగి మనవల్ని ఎత్తుకున్నాడు. అది సరే, ఇప్పటికీ ఆ లంకలో ఏ సంబంధం కుదిరినా పంచదార కళ్ళకద్దుకుని తీసుకెల్లి గడ్డిమేటు ఎనకే పోస్తారు. ఎందుకర్రా అంటే, మా తాతలనాటి శాస్త్రం అంటారు. నేను నోరు మూసుకుని ఊరుకుంటాను. ఆ శాస్త్రం ఏ తడిలో పుట్టిందో చెబితే ఒక్కడైనా కళ్ళకద్దుకుంటాడా?