నిలబడ్డ సైంటిస్టు

వేములపల్లిలో ఐలమ్మ టీ కొట్టుకి రోజూ సాయంత్రం నాలుగింటికల్లా జానయ్య ఖాళీ నీళ్లడబ్బా పట్టుకుని వస్తాడు. ఒకప్పుడు అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పొలాలన్నీ తిరిగి, అది లేచి నిలబడ్డచోట బోర్లు వేయించిన మనిషి. మిషన్లొచ్చాక పిలిచేవాళ్లు లేరు. భార్య కమల పోయి రెండేళ్లయింది. "సొంతింట్ల కాయ లేవది, గందుకే మా ఇంట్ల నీళ్లు లేవు" అంటూ డబ్బాని కొట్టు నల్లా కింద పెట్టి బెంచీ మీద కూర్చుంటాడు. డబ్బా ఐదు నిమిషాల్లో నిండుతుంది, కథ మాత్రం గంటైనా తెగదు. తెగితే అందరూ లేచిపోతారని అతని భయం.

"అనంతగిరిల ఒక చెల్క భూమి. కాయ పెట్టిన్నో లేదో టక్కున లేసింది. నూటపది ఫీట్లకే నీళ్లు!"

"గది మామూలే గద తాతా" అన్నాడు ట్రాక్టర్ మహిపాల్, తాళంచెవి వేలికి తిప్పుతూ.

జానయ్యకి రోషం వచ్చింది.

"మామూలా? ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? కాయ ఎందుకు లేస్తదో ఎవ్వనికీ తెల్వది, నాకూ తెల్వది. తెల్సుకుందామని పగలగొట్టిన. లోపట ఏమున్నది? చేపపిల్ల! సాగర్ చేప, ఈదుతున్నది!"

"పులుసు పెట్టినవా?" గ్లాసులు కడుగుతూ ఐలమ్మ అడిగింది.

"నవ్వకు బిడ్డా. ఇంకో కాయ పట్టిన. అది నన్నే గుంజుకపోయింది. అనంతగిరిల ఎత్తిన కాలు పెద్దవూరల పెట్టిన, నడుమ మిర్యాలగూడల ఒక చెప్పు ఊడిపోయింది. ఇది ఇని ఢిల్లీకెల్లి సైంటిస్టు దిగిండు. వద్దు సారూ, జర పైలం అన్న. ఇంటడా? కాయ గుంజుకొని నెత్తిమీద పెట్టుకున్నడు. ఏమైందో తెలుసా? కాయ లేవలే, సారే లేసిండు! అప్పటిసంది ఏడ పండుకున్నా, కింద నీళ్లుంటే నిటారుగ నిలబడుడే. మంచం మీద నిలబడుడు, రైలు బెర్తు మీద నిలబడుడు, పెండ్లాం పరేషాన్. ఆఖరికి జర కునుకు తీయనీకె ఎడారికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నడు!"

బెంచీ అంతా గొల్లుమంది. నవ్వుతూనే మహిపాల్ లేచాడు. జానయ్య గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు బిడ్డా, ఎడారిలనే అసలు కథ..."

"పెద్దనాయినా" అంది ఐలమ్మ. "పొద్దున మీ గల్లీలకెల్లే వచ్చిన. మీ ట్యాంకు నిండి నీళ్లు రోడ్డు మీద పారుతున్నయ్. మరి మా ఇంట్ల నీళ్లు లేవంటివి?"

ఎప్పుడో నిండిన డబ్బా మీంచి నీళ్లు పొర్లిపోతున్నాయి. జానయ్య తలొంచుకుని వాటినే చూశాడు.

"నీళ్లున్నయ్ బిడ్డా. మాట్లాడెటోళ్లే లేరు. అన్నం తింటుంటే నా నోటి సప్పుడు నాకే ఇనబడ్తది."

మహిపాల్ తాళంచెవి జేబులో వేసుకుని మళ్లీ కూర్చున్నాడు. ఐలమ్మ డబ్బా ఎత్తి, నీళ్లన్నీ కొట్టు ముందున్న కానుగ చెట్టుకి పోసేసి, ఖాళీ డబ్బాని తన బల్ల కిందికి తోసేసింది.

"రేపటిసంది ఇది మోసుకరాకు పెద్దనాయినా. ఉత్తచేతులతోనే రా."